చేతికి తగిన తొడుగు, ధర్మానికి తగిన తోలు

తోలు వస్తువు కొనేటప్పుడు మన ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు అది ఏ జంతువు తోలో అడగనే అడగరు. మరికొందరు విదేశంలో తయారైందంటే చాలు, అనుమానంతో ముట్టనే ముట్టరు. మొదటిది నిర్లక్ష్యం, రెండవది వస్‌వసా. ధర్మం చూపే మార్గం ఈ రెంటికీ నడుమ ఉంది.

అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన మా పూర్వ విద్యార్థి ఒకరు ఇటీవల మాకు ఫోన్ చేశారు. పన్నెండేళ్ల ఆయన కుమార్తె బాలికల జట్టులో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. "మౌలానా! అమ్మాయికి గ్లోవ్ కొనాలి. ఇక్కడి పశువులు మన పద్ధతిలో జబహ్ అయినవి కావు కదా! ఆ తోలు తొడుక్కున్న చేతితో తను అస్ర్ నమాజ్ ఎలా చేయాలి?" అని అడిగారు. అమ్మాయి చేత ఆట మాన్పించడమే మేలేమోనన్న ఆలోచన కూడా ఆయన మాటల్లో ధ్వనించింది.

వస్తువు సంగతి తెలియకుండా దాని గురించి తీర్పు చెప్పకూడదని మా ఉస్తాదులు మాకు నేర్పారు. అందుచేత ముందుగా గ్లోవ్ గురించి తెలుసుకున్నాము. ఇది మనకు తెలిసిన వికెట్ కీపర్ గ్లోవ్స్ వలె జతగా ఉండదు. ఒక్క చేతికే తొడుగుతారు. అది కూడా బంతి విసిరే చేతికి కాదు, రెండవ చేతికి. కుడిచేతితో విసిరే బాలికకు ఎడమ చేతికి తొడిగే గ్లోవ్ కావాలి. చూపుడువేలి కొస నుండి అరచేతి అడుగు వరకు దాని పొడవును అంగుళాలలో కొలుస్తారు. బేస్‌బాల్ చుట్టుకొలత సుమారు 9 అంగుళాలు కాగా, ఈ వయసు బాలికలు ఆడే సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు. కనుక అన్నయ్య బేస్‌బాల్ గ్లోవ్ చెల్లెలికి సరిపోతుందని భావించరాదు. సాఫ్ట్‌బాల్ గ్లోవ్‌లో బంతి ఒదిగే గుంట లోతుగా ఉంటుంది. బాలికల కోసం చేసిన వాటిలో చేయి దూర్చే చోటు ఇరుకుగా ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లకు సుమారు 11½ నుండి 12½ అంగుళాల గ్లోవ్ సరిపోతుంది.

"పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దదే తీసుకుందాం" అనడం మనకు అలవాటు. కుర్తా విషయంలో ఆ మాట చెల్లుతుంది, గ్లోవ్ విషయంలో చెల్లదు. వదులైన గ్లోవ్ చేతిలో తిరిగిపోతుంది, బంతి జారి ముఖానికి తగలవచ్చు. అంగడిలోనే పిల్ల చేతికి తొడిగించి, చేయి పైకెత్తి విదిలించమనండి, జారకూడదు. తన బలంతోనే దానిని మూయగలగాలి. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దానిని కాపాడే వస్తువులో చేతి కొలతను విస్మరించరాదు.

ఇక తోలు విషయం. పదును చేసిన తోలు పరిశుద్ధమవుతుందని హనఫీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. పశువు జబహ్ కాకుండా చనిపోయినప్పటికీ ఈ నియమం వర్తిస్తుంది. హజ్రత్ మైమూనా (రజి) గారి సేవకురాలికి దానంగా లభించిన గొర్రె చనిపోయినప్పుడు, దాని తోలును ఎందుకు వినియోగించుకోలేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ప్రశ్నించారు; నిషిద్ధమైనది దానిని తినడం మాత్రమేనని వివరించారు. కనుక ఆవు తోలు, ఎద్దు తోలు, దూడ తోలుతో చేసిన గ్లోవ్ నిస్సంకోచంగా వాడవచ్చు.

పంది తోలు మాత్రం ఎంత పదును చేసినా పరిశుద్ధం కాదు. ఇక్కడే జాగ్రత్త అవసరం. పిల్లల కోసం చేసే చవక గ్లోవ్స్ కొన్నింటిలో పంది తోలు వాడతారు. పైభాగం వేరే పదార్థమైనా లోపలి అస్తరు అదే కావచ్చు. ఆటలో చేయి చెమర్చక మానదు. తడి తగిలితే అపవిత్రత చేతికి అంటుతుంది. కనుక చీటీ చదవండి. 'కౌహైడ్', 'స్టీర్‌హైడ్', 'కిప్' అన్నవి పశువుల తోళ్లు. 'పిగ్‌స్కిన్' అంటే పంది తోలు. 'లెదర్' అని మాత్రమే ఉంటే అది ఏ జంతువుదో అమ్మేవారిని అడగండి. పంది తోలు మీద వెంట్రుకల రంధ్రాలు మూడేసి చొప్పున గుంపులుగా కనిపిస్తాయి. పాత గ్లోవ్ కొనేటప్పుడు ఈ గుర్తు ఉపయోగపడుతుంది. అయితే పైపూత వల్ల అది మరుగున పడవచ్చు, కనుక దానినొక్కదానినే నమ్ముకోరాదు. తోలే వద్దనుకుంటే సింథటిక్ గ్లోవ్స్ ఉన్నాయి. అవి తేలికగా ఉంటాయి, కానీ మంచి తోలంత కాలం మన్నవు.

అలాగని పేరు చూసి భయపడనవసరం లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను అక్కడివారు వాడుకలో 'పిగ్‌స్కిన్' అంటారు. కానీ నేడు ఆ ఆటలో వాడే తోలు బంతులు పశువుల తోలుతోనే తయారవుతాయి. విచారించకుండా హలాల్ అనుకోవడం ఎంత తప్పో, విచారించకుండా హరామ్ అనడమూ అంతే తప్పు.

ఈ సంగతులే మా విద్యార్థికి చెప్పాము. ఆట మాన్పించవలసిన పని లేదని, చీటీ చదవడమే ఆయన చేయవలసిన పని అని కూడా స్పష్టం చేశాము. తల్లిదండ్రులారా! ధర్మం పేరు చెప్పి, ధర్మం నిషేధించని ఆనందాన్ని మీ బిడ్డల నుండి తీసివేయకండి. అలా చేస్తే వారు దూరమయ్యేది ఆటకు కాదు, ధర్మానికి. అంగడికి వెళ్లేటప్పుడు వారినీ వెంట తీసుకెళ్లి, చీటీని వారి చేతనే చదివించండి. పరిశుద్ధత పాఠం వారికి అక్కడే అందుతుంది.

అల్లాహ్ మన సంతానానికి ఆరోగ్యాన్నీ, మనకు వివేకాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.