నమిలే నోరు

కణతల మీద వేళ్లుంచి పళ్లు బిగించి చూడండి. వేళ్ల కింద ఉబికేది కణత కండరం. దవడ మూల ఉబికేది మరొకటి. ఇంకో రెండు జతలు లోపల దాగి ఉంటాయి. ఈ నాలుగు జతల్లో మూడు నోరు మూసేవే. తెరవడానికి సాయపడేది ఒక్క జతే.

చెవుల ముందర, దవడ కింద, నాలుక కింద ఉన్న మూడు జతల గ్రంథులు రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరిస్తాయి. నమిలేకొద్దీ అన్నం తియ్యబడేది దాని చలవే. గవదబిళ్లల్లో వాచేది ముఖ్యంగా చెవి ముందరి గ్రంథి.

ఇవన్నీ ఉండీ హోసూరులోని మా పెద్దన్న నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోదు. ముప్పై ఏళ్లు వక్క నమిలాడు. బుగ్గల లోపలి పొర తాళ్లలా బిగుసుకుపోయింది. కండరానికి బలముంది, బుగ్గకు సాగుడు లేదు. కారం తగిలితే మంట. సంగటి ముద్ద చిదిమి పెట్టుకోవాలి. చుట్టూ తమిళం వినిపించే వీధిలో మా పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పిన నోరది. ఇప్పుడు 'ఆ' దగ్గరే ఆగిపోతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే వక్కను క్యాన్సర్ కారకమని ప్రకటించింది. తాంబూలం మన మర్యాద, కాదనను. వక్కను పళ్లెంలోనే ఉంచుదాం. నమిలే అలవాటున్నవారు పళ్ల మధ్య మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోండి. పట్టకపోతే వెంటనే వైద్యుడికి చూపించుకోండి.