ఆరో పన్ను సంగతి: బయాలజీ పాయింట్లు ఎట్ల చెక్ చేసుకోవాలె

మాది జగిత్యాల జిల్లా బీర్పూర్ మండలం. ఇంటర్ అయినంక ఇంటికాడనే ఉండి బీడీఎస్ సీటు కోసం నీట్‌కు చదువుతున్న. గ్రూపులో తమ్ముళ్లు చానా మంది అడుగుతున్నరు: "అన్నా, ఒక మెటీరియల్‌లో ఒక తీరుగ ఉంటది, ఇంకోదాంట్లో ఇంకో తీరుగ ఉంటది. ఏది నమ్మాలె?" దీనికి జవాబు కొంచెం పొడుగుంది, అందుకే పోస్టుగా రాస్తున్న. ఓపికతో చదవండి.

ముందుగాల మార్కుల లెక్క చూద్దాం. నీట్ మొత్తం 720 మార్కులు. అందులో 360 బయాలజీవే, 90 ప్రశ్నలు. తప్పు పెడితే రావాల్సిన 4 రావు, పైనుంచి 1 పోతది. అంటే ఒక్క పాయింట్ తప్పు నేర్చుకుంటే 5 మార్కుల తేడా. కోచింగ్‌కు పోయినోళ్లకు తప్పైతే సరిదిద్దే సార్లు ఉంటరు. ఇంటికాడ చదివే మనకు ఆ పని కూడా మనదే.

పుస్తకంలో ఒక్క మాట మారితే ఎంత దూరం పోతదో 2024 నీట్‌లో చూసినం. ఫిజిక్స్‌లో పరమాణువుల మీద ఒక ప్రశ్న వచ్చింది. పాత ఎన్‌సీఈఆర్‌టీలో ప్రతి మూలకం పరమాణువులు స్థిరమని ఉండె, కొత్తదాంట్లో చాలా మూలకాలవి అని మార్చిండ్రు. ముందు రెండు జవాబులకూ మార్కులు ఇచ్చిండ్రు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ముగ్గురు చూసి ఒకటే కరెక్ట్ అన్నరు. నాలుగు లక్షల మందికి పైగా 5 మార్కులు పోయినయి. వాళ్లు చదవక పోలేదు, అక్కనో అన్ననో ఇచ్చిన పాత పుస్తకం చదివినోళ్లు కూడా అందులో ఉండే ఉంటరు. మనలో ఎక్కువ మందివి గట్ల చేతులు మారిన పుస్తకాలే. అందుకే నా మొదటి చెక్ ఏందంటే, పుస్తకం అట్ట తిప్పి ఏ సంవత్సరం ముద్రణనో చూసుడు.

తర్వాత పాయింట్లను మూడు తీర్లుగ పెట్టుకుంట. ఒకటి, లెక్క కట్టి తేల్చేటివి. గుండె ఒక్కసారి కొట్టుకుంటే 70 మిల్లీలీటర్ల రక్తం పంపుతది, నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటది. గుణిస్తే 5,040, అంటే దగ్గర దగ్గర 5 లీటర్లు. ఏ మెటీరియల్‌లోనన్న వేరే అంకె కనపడితే ఎవ్వరినీ అడిగే పని లేదు. రెండు, పుస్తకంలో మాత్రమే దొరికేటివి. ఎర్ర రక్తకణం పొరలో 52 శాతం ప్రోటీన్, 40 శాతం లిపిడ్ అన్నట్టివి. ఇవి ఎన్‌సీఈఆర్‌టీ లైన్ చూసి, పేజీ నంబర్ పక్కన రాసుకోవాలె. మూడు, మన ఒంట్లోనే చూసుకునేటివి. వీటిని మనం చానా తక్కువ వాడుకుంటం.

ఈ మూడో దానికి మా ఇంట్లో జరిగిందే చెప్త. మా అక్క బిడ్డకు ఏడేండ్లు. కింది దవడ పన్ను నొస్తుందని రెండు రోజులు ఏడ్చింది. మా అవ్వ "పాల పన్నే కదా, అదే ఊడిపోతది" అన్నది. గూడెంలో అందరూ గదే మాట అంటరు. నేను అప్పుడే దంత సూత్రం చదువుతున్న. పెద్దోళ్లకు ఒక్కో పక్క 2, 1, 2, 3. అంటే కుంతకాలు రెండు, రదనిక ఒకటి, అగ్రచర్వణకాలు రెండు, చర్వణకాలు మూడు. నాలుగు పక్కలు కలిపి 32. పాల పండ్లకు 2, 1, 0, 2. మొత్తం 20. అంటే పాల పండ్లు ఒక్కో పక్క ఐదే. పోరిని ఎండకు కూసోబెట్టి, నడిమి నుంచి ఎంచుకుంట పోయిన. నొస్తున్నది ఆరోది.

ఆరోది పాల పన్ను కాదు. ఆరేండ్ల వయసులో ఏ పన్నూ ఊడకుండనే, పాల పండ్ల వెనుక కొత్తగ వచ్చే మొదటి శాశ్వత చర్వణకం అది. ఏదీ ఊడలేదు కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్ని పాల పన్నే అనుకుంటరు. అది పోతే మళ్లీ రాదు. పింగాణి పొరను తయారు చేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతయి, అందుకే ఆ పొర చెడితే మళ్లీ పెరగది. ఈ సంగతి బావకు చెప్పిన. తెల్లారి జగిత్యాల తీసుకపోయిండు. డాక్టర్ చూసి శాశ్వత పన్నే అన్నడు. పుచ్చు లోపలికి పోలేదని సిమెంట్ నింపి పంపిండు. పన్ను దక్కింది.

అయితే ఎన్‌సీఈఆర్‌టీ తగ్గించినప్పుడు జీర్ణవ్యవస్థ పాఠం తీసేసిండ్రు. 2024 నీట్ సిలబస్‌లో నుంచి కూడా పోయింది. నేను చదివిన ఇంటర్ సెకండియర్ జువాలజీలో మాత్రం ఉంది. పండ్ల డాక్టర్ కావాలనుకునేటోళ్లకు పండ్ల పాఠమే పరీక్షలో లేదన్నట్టు. అందుకని వదిలేయమని చెప్పను. పరీక్షకు కావాల్సింది, ఇంటికి కావాల్సింది రెండు వేరే కాలమ్‌లలో రాసుకోండి.

మనకు ఇంకా దగ్గరిది సికిల్ సెల్. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తదని అందరం బట్టీ పడ్తం. తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులైతే 25 శాతం అని కూడా రాస్తం. కానీ ఆ 25 శాతం అంటే నలుగురు పిల్లల్లో ఒకరికి తప్పక వస్తదని కాదు. ప్రతి కాన్పుకూ విడిగ అంతే అవకాశం. ముందు ముగ్గురు మంచిగ పుట్టినా నాలుగో కాన్పుకు పెరగది, ఒకరికి వచ్చిందని తర్వాతి కాన్పుకు తగ్గది. ఇది పరీక్షలో 4 మార్కులు, గూడెంలో ఒక ఇంటి నిర్ణయం.

పెద్ద సైంటిస్టు చెప్పిండు కదా అని కూడా ఆగొద్దు. 1923లో పెయింటర్ అనే ఆయన మనిషికి 48 క్రోమోజోములని చెప్పిండు. 30 ఏండ్లకు పైగా పుస్తకాలు గదే రాసినయి. 1956లో టియో, లెవాన్ మళ్లీ లెక్కపెట్టి 46 అని తేల్చిండ్రు.

చివరిగా తెలుగు మీడియం వాళ్లకు. నీట్ తెలుగులో రాయొచ్చు, కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీష్ ప్రశ్ననే ఫైనల్. అందుకే చర్వణకం పక్కన మోలార్, రదనిక పక్కన కెనైన్ అని ఇప్పటినుంచే రాసుకోండి. ప్రిలిమినరీ కీ వచ్చినప్పుడు అభ్యంతరం పెట్టాలంటే 2024లో ప్రశ్నకు 200 రూపాయలు కట్టాల్సి వచ్చింది, తిరిగి రావు. మన ఇండ్లల్లో అది ఒక రోజు కూలి పైసల్లో పెద్ద భాగం. నోట్స్‌లో పేజీ నంబర్ ఉంటే ఆ పైసలు పెట్టాలో వద్దో ఐదు నిమిషాల్లో తెలుస్తది.

మీ దగ్గర తేడా ఉన్న పాయింట్లుంటే పుస్తకం సంవత్సరం, పేజీ ఫోటోతో గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం. ఇంట్లో ఆరేడేండ్ల పిల్లలుంటే ఇయ్యాలనే నోరు తెరిపించి నడిమి నుంచి ఆరో పన్ను చూడండి.