ఎర్రగా ఉంటే చాలదు

నూనెల సంగతి ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? ఆవకాయకి నువ్వుల నూనే పోయాలి. దీపానికి వేరు, తలకి వేరు. అన్నీ జిడ్డుగానే ఉన్నాయి కదా అని కొబ్బరినూనె తెచ్చి ఊరగాయ జాడీలో పోస్తే ఇంటిల్లిపాదీ మన తెలివికి నవ్వుతారు. అలాంటి మనమే కారు దగ్గరికి వచ్చేసరికి, "ఆయిలు మార్చాలమ్మా" అని మెకానిక్కు అనగానే "మార్చెయ్యి బాబూ" అని పర్సు తీస్తాం. ఏ ఆయిలు, ఎందుకు అని అడగం. అడిగితే షెడ్డులో ఉన్న నలుగురు మగవాళ్ళూ తలలెత్తి చూస్తారు. ఆ చూపు చూడ్డానికైనా అడగాలని నా అభిప్రాయం.

మేం టెక్కలిలో ఉంటాం. మా పెద్ద బావగారిది వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రం వైపు ఓ పల్లె. ఉద్యానవనమే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస - కంటికి పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనం మధ్యనే కిడ్నీ జబ్బు ఇంటింటినీ ఎలా పట్టుకుందో మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఇదీ కారణమని ఇప్పటికీ ఒక్క మాటలో తేల్చి చెప్పలేకపోతున్నారు. బావగారికీ వచ్చింది. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. దూరాభారం కొంత తగ్గింది గానీ, ఊళ్ళోంచి పలాస దాకా ప్రయాణం తప్పదు కదా!

మా వారికి ఎడమ మోకాలు మొరాయించింది. క్లచ్ తొక్కలేరు. అందుకని క్లచ్ లేని ఆటోమేటిక్ కారు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాం. లక్ష కిలోమీటర్ల దరిదాపుల్లో తిరిగిన చిన్న కారు. ఇద్దరిలో ఎవరికి తీరికుంటే వాళ్ళం నడుపుతాం.

కొన్న నెలకి, రెండో గేరులోంచి మూడో గేరులోకి వెళ్ళేటప్పుడు చిన్న కుదుపు మొదలైంది. మీకూ నాకూ అయితే అదో లెక్క కాదు. డయాలసిస్ అయ్యాక, ఒళ్ళంతా పిండేసినట్టయి, వెనకసీట్లో జారగిలబడ్డ మనిషికి మాత్రం ఆ కుదుపు కడుపులో తిప్పుతుంది. ఆయన ఏమీ అనరు. కళ్ళు మూసుకుని ముందుసీటు అంచు గట్టిగా పట్టుకుంటారు. అద్దంలో నాకా చెయ్యి కనిపించేది.

పలాసలో ఓ షెడ్డుకి తీసుకెళ్ళాం. మెకానిక్కు కుర్రాడు మంచివాడే. "గేరాయిలు పాడయిపోనాదమ్మా. మార్చేత్తే సరి. నా కాడ డబ్బా ఉంది" అన్నాడు. డబ్బా మీద డెక్స్రాన్-3 అని ఉంది. కారుతో వచ్చిన పుస్తకంలో ఎస్.పి.-3 అని ఉంది. అదే చెప్పాను.

"రెండూ ఎరుపే, రెండూ మూడే. తేడా ఏటమ్మా?" అన్నాడు.

నేను చరిత్రా తెలుగూ చదువుకున్నదాన్ని. నాయికల మనసులు విప్పి చూపించడం అలవాటు గానీ, గేరు పెట్టెలు కాదు. అయినా తేడా ఏమిటో తెలుసుకునేదాకా నిద్ర పట్టలేదు. తెలిసింది మీతో చెప్పుకోకపోతే ఊరుకోలేను.

రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఆటోమేటిక్ కారులో టార్క్ కన్వర్టరు చేసేది అదే. కాకపోతే గాలి బదులు నూనె. ఇంజను బలాన్ని చక్రాల వైపు మోసుకెళ్ళేది ఆ నూనె. లోపల ఒత్తిడి పెట్టి గేరు మార్చేదీ అదే, వేడి లాగేదీ అదే. అన్నిటికన్నా కష్టమైన ఉద్యోగం ఇంకోటుంది. గేరు మారేటప్పుడు లోపలి క్లచ్ పలకలు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. నూనె మరీ జారుడైతే పలకలు పట్టు చిక్కక అరిగిపోతాయి. మరీ పట్టేస్తే కారు తుళ్ళిపడుతుంది. ఎంత జారాలి, ఎంత పట్టాలి అన్న లెక్క కంపెనీ కంపెనీకీ వేరు. ఆ లెక్కకే ఆ పేర్లన్నీ.

క్లచ్ తొక్కనక్కర్లేని కారు జనం చేతికి వచ్చింది అమెరికాలో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో. 1949లో జనరల్ మోటార్స్ వాళ్ళు దాని నూనెకి 'టైప్ ఏ' అని ఓ ప్రమాణం రాశారు. 1967లో డెక్స్రాన్ వచ్చింది. ఆ రోజుల్లో ఈ నూనెల్లో తిమింగలం నూనె కలిపేవారట! 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక, అంత చక్కగా పనిచేసే మరో పదార్థం కోసం కంపెనీలు నానా తిప్పలూ పడ్డాయి. మన భావనపాడు రేవులో పడవల పక్కన నిలబడి సముద్రాన్ని చూస్తూ ఈ సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఇక ఎరుపంటారా, అది కలిపిన రంగు. ఇంజనాయిలు అనుకుని పొరపాటు పడకుండా, ఎక్కడైనా కారితే ఏది కారుతోందో తెలియడానికి. చీరకి వేసిన రంగును బట్టి అది పట్టో నూలో చెప్పలేం కదా!

పెడల్ లేనంత మాత్రాన అన్ని కార్లూ ఒకటి కావు, అదీ గుర్తుంచుకోండి. 2014లో సెలేరియోతో మన దేశంలో ఏ.ఎం.టి. వచ్చింది. అందులో ఉండేది మామూలు గేరు పెట్టే. క్లచ్ తొక్కే పని మనిషి బదులు యంత్రం చేస్తుంది. దానికి ఈ ఎర్రనూనె పనికిరాదు. సి.వి.టి. కార్లలో పళ్ళ గేర్ల బదులు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. దాని నూనె మళ్ళీ వేరు. డబ్బా మీద "అన్ని కార్లకీ తగినది" అని రాసుకోవడం సులువు. కారు కంపెనీ ఆమోదించడం వేరు. మనం చూడాల్సింది రెండోది.

పాత కారు కొనేవాళ్ళు ఇంకో పని చెయ్యాలి. గేరాయిలుకి కొలపుల్ల ఉన్న కారైతే, తెల్ల గుడ్డ మీద ఓ చుక్క తుడిచి చూడండి. గోధుమరంగులోకి తిరిగి మాడిన వాసన వస్తే లోపల పలకలు కాలాయన్నమాట. పాలు కలిపినట్టు గులాబీరంగులో ఉంటే నీళ్ళు చేరాయన్నమాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గర్లో తీరం దాటింది. బావగారి తోటలో కొబ్బరిచెట్లు వరసగా ఒరిగిపోయాయి. చెట్టు కూలితే కనిపిస్తుంది. వరదలో మునిగిన కారుని కడిగి తుడిచి అమ్మితే కనిపించదు. ఆ చుక్కే సాక్ష్యం చెప్పాలి.

మా కారులో గులాబీరంగు లేదు, మాడు వాసనా లేదు. వట్టి పాతబడిన నూనె. ఎస్.పి.-3 విశాఖపట్నం నుంచి తెప్పించుకోవాలి, మూడు రోజులు పడుతుందన్నారు. మర్నాడే డయాలసిస్. ఉన్నదేదో పోయించేద్దామని మా వారు. వద్దని నేను. మాటా మాటా పెరుగుతుంటే బావగారు నెమ్మదిగా అన్నారు:

"అమ్మాయ్, నాకు రక్తం ఎక్కించిననాడు సీసాలో ఎర్రగా ఉంది గదా అని ఎక్కించీలేదు. గ్రూపు చూసినారు. రేపటికి ఆటో మాటాడండి."

మా వారు ఇంక మాట్లాడలేదు. ఆటో మాట్లాడాం.

నాలుగో రోజున నూనె వచ్చింది. కింద మర విప్పితే పాతదంతా ఒకేసారి రాదు. సగం పైగా కన్వర్టరులోనే ఉండిపోతుంది. "గట్టిగా పంపు పెట్టి కడిగేద్దునా అమ్మా?" అన్నాడు కుర్రాడు. పాత గేరు పెట్టెకి ఆ బలవంతం వద్దన్నాను. వచ్చినంత తీసి, అంతే కొలిచి పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అదే పని చేయించాం. కుదుపు పూర్తిగా పోయిందని చెప్పను. చలి పొద్దున్న మొదటి మైలులో ఇంకా పలకరిస్తుంది. పలాస నుంచి తిరిగొచ్చేటప్పుడు మాత్రం రాదు. బావగారి చెయ్యి ఇప్పుడు ఒళ్ళోనే ఉంటోంది. ఒక్కోసారి నిద్ర కూడా పోతున్నారు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు డబ్బాలో ఇంకా అరలీటరు మిగిలిందని మాటల్లో అన్నాను. మా తోడికోడలు చెవిని పడింది. "మా నూతిగిలక కిర్రుమంటంది, దానికి పనికొస్తాదేటి చెల్లీ?" అంది.

"దానికైతే ఏ కంపెనీదైనా ఫరవాలేదక్కయ్యా" అన్నాను.