"వెయ్యికి ఒకటి అని ఎవరు లెక్కపెట్టారు మాస్టారూ?"

మన హేతువాదులకి రాజ్యాంగంలో ఒక్క వాక్యం మాత్రం కంఠతా వచ్చు. 51ఎ అధికరణం, హెచ్ క్లాజు. శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవతావాదాన్నీ, ప్రశ్నించే తత్వాన్నీ పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని చెప్పే వాక్యం. 1976లో 42వ సవరణతో వచ్చింది. మా సంఘం కరపత్రాల మీద, సభల బ్యానర్ల మీద, చివరికి మా అమ్మాయి పెళ్లి కార్డు మీద కూడా అదే వేయించాను (ముహూర్తం లేని పెళ్లి లెండి). దానికి సరిగ్గా పై మెట్టు మీద ఇంకో వాక్యం ఉంది. జీ క్లాజు. అడవుల్నీ, సరస్సుల్నీ, నదుల్నీ, వన్యప్రాణుల్నీ కాపాడటం కూడా పౌరుడి విధేనంటుంది. రెండూ ఒకే రోజున రాజ్యాంగంలోకి వచ్చాయి. నేను హెచ్ దగ్గర ఆగిపోయి, జీ వైపు తల ఎత్తి చూడకుండానే ముప్ఫై ఏళ్లు ఉపన్యాసాలిచ్చాను.

ఎత్తి చూడాల్సి వచ్చిన సంగతి చెప్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్నగారి కాలంలో పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాం. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా నాలుకలు ఇంకా మారలేదు. ఇక్కడ తెలుగువాళ్లకి కొదవ లేదు. జంగ్లీఘాట్‌లో నిలబడి ఉత్తరాంధ్ర యాసలో "ఒరే" అంటే పది తలలు తిరుగుతాయి. నేను బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సెలవుల్లో బాణామతి, చేతబడి, వాస్తు మీద సభలు పెట్టేవాణ్ణి.

2017 చివర్లో మా సంఘం వాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడూ మూఢనమ్మకాల మీదేనా, కాలేజీ పిల్లల్ని ప్రకృతి రక్షణ పనిలోకి కూడా దించుదాం అని. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దాటాక కాలీపూర్ తీరం ఉంది. బూడిద రంగు ఇసుక. చలికాలంలో అక్కడికి సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆలివ్ రిడ్లీ, ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్, నాలుగు జాతులూ వచ్చే తీరం. కుక్కలూ, అడవి పందులూ, ఉడుములూ గూళ్లు తవ్వేస్తాయి. అందుకని గుడ్లు తీసి కంచె వేసిన హేచరీలో పాతిపెడతారు. పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. పన్నెండు మంది కుర్రాళ్లనీ, అమ్మాయిల్నీ వెంటబెట్టుకుని మార్చిలో బయల్దేరాం.

బయల్దేరే ముందే రెండు ఇళ్లల్లో గొడవ. ఒకమ్మాయి నాయనమ్మ శ్రీకూర్మం పక్క ఊరావిడ. "కూర్మనాథుడి దర్శనం అనుకో, దండం పెట్టుకుని రా" అని పసుపు కుంకుమ పొట్లం కట్టి ఇచ్చింది. ఇంకో కుర్రాడు తమిళుడు. వాళ్లలో ఒక సామెత ఉంది, తాబేలు దూరిన ఇల్లూ, కోర్టు అమీనా దూరిన ఇల్లూ బాగుపడవని. వాళ్లమ్మ "తాబేలును ముట్టుకుంటే స్నానం చెయ్యకుండా గడప తొక్కొద్దు" అంది. ఒకే జంతువు ఒక ఇంట్లో దేవుడు, పక్కింట్లో అరిష్టం! నాకిదో పండగ. రోడ్డు పొడుగునా దీని మీదే చెప్పుకుంటూ పోయాను. పిల్లలు నవ్వారు. నాకింకా ఉత్సాహం వచ్చింది.

తెల్లారాక ఏడింటికి కార్యక్రమం. అతిథి గారు వచ్చారు. ఫొటోలాయన వచ్చాడు. టబ్బులో తాబేలు పిల్లలు అరచేతిలో పట్టేంతవి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నేను మైకు లేకుండానే గట్టిగా చెప్పాను: "చూడండి, వీటిలో వెయ్యికి ఒకటే పెద్దదై మళ్లీ ఈ ఒడ్డుకి వస్తుంది. అందుకే ప్రతి పిల్లా విలువైనదే." అందరూ చప్పట్లు కొట్టారు.

కుంకుమ పొట్లం అమ్మాయి చెయ్యెత్తింది. "వెయ్యికి ఒకటి అని ఎవరు లెక్కపెట్టారు మాస్టారూ?"

"శాస్త్రజ్ఞులమ్మా."

"ఎలాగండీ? ఇంత పిల్లకి గుర్తు ఎక్కడ కడతారు? పెద్దవడానికి ఎన్నేళ్లు పడుతుంది?"

రిడ్లీకైతే పదేళ్లకి పైమాటే. అన్నేళ్ల పాటు, అంత చిన్న పిల్లకి కట్టిన గుర్తు ఊడిపోకుండా ఉండటం, అది సముద్రమంతా తిరిగి మళ్లీ మనిషి కంటపడటం జరిగే పని కాదు. ఆ అంకె ఒక అంచనా. వెయ్యికి ఒకటి అనేవాళ్లున్నారు, పదివేలకి ఒకటి అనేవాళ్లున్నారు. పదింతల తేడా! లెక్కల మాస్టారిని. ఏ బాబా భక్తుడైనా ఇలాంటి అంకె చెప్తే పట్టుకుని దులిపేసేవాణ్ణి. నా నోట్లోంచి మాత్రం సామెతలాగా జారిపోయింది. ఎవరో చెప్పారు, నేనూ చెప్పాను. శ్రీకూర్మం నాయనమ్మ చేసిందీ అదేగా?

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. టబ్బు చూపించి, "ఇవి ఎప్పుడు పైకొచ్చాయి?" అని హేచరీ కుర్రాణ్ణి హిందీలో అడిగింది. రాత్రి పదింటికట. అతిథి గారి కోసం పొద్దుటిదాకా ఉంచారు. అంటే తొమ్మిది గంటలు. తాబేలు పిల్ల ఇసుకలోంచి రాగానే ఆగకుండా ఈదుతుంది. మొదటి రోజంతా ఒడ్డుకు దూరంగా పోవడానికే దాని బలం. ఆ బలమంతా మేము ప్లాస్టిక్ టబ్బులో ఖర్చు పెట్టించాం. పైగా పగటి వెలుగులో, పైన పక్షులూ కింద చేపలూ కాచుకుని ఉన్నప్పుడు వదిలాం. ఎవరి తప్పు అంటే వేరే ఎవరి మీదా పెట్టను. అతిథిని పిలిచింది మా సంఘం. టైము పెట్టింది నేను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఉదయం అక్కడ జరిగింది పూజే. పూజారి నేను. ప్రసాదం బదులు ఫొటోలు.

తర్వాతి చలికాలం అతిథుల్లేరు. రిటైరయిన మనిషిని, పనేముంది? ఇద్దరు పిల్లలతో, ఆ అమ్మాయీ తమిళ కుర్రాడూ, నెలన్నర అక్కడే ఉన్నాను. అడవి శాఖ తరఫున రాత్రి గస్తీ తిరిగే దినకూలీ కుర్రాళ్ల వెనకాల నడవడమే మా పని. ఇక్కడ వాళ్లని డీఆర్ఎంలు అంటారు. డైలీ రేటెడ్ మజ్దూర్ అన్నమాట. బెంగాలీ, రాంచీ కుటుంబాల పిల్లలు. వాళ్లు చదివింది పదో తరగతే. ఇసుక మీద జాడ చూసి జాతి చెప్పేస్తారు. రిడ్లీ ఒక కాలు తర్వాత ఒక కాలు వేస్తుంది, జాడ ఎడమా కుడీ మార్చి మార్చి పడుతుంది. ఆకుపచ్చ తాబేలూ, లెదర్‌బ్యాకూ రెండు ముందుకాళ్లూ ఒక్కసారే వేస్తాయి, జాడ రెండువైపులా సమానంగా ఉంటుంది. పైకొచ్చి గుడ్లు పెట్టకుండా తిరిగెళ్లిపోయిన జాడని వేరే గడిలో రాయాలి. రాయకపోతే ఒడ్డుకొచ్చిన తాబేళ్లన్నీ గుడ్లు పెట్టినట్టే లెక్కలో పడతాయి. గుడ్లని పెట్టిన కొద్ది గంటల్లోనే తియ్యాలి, తలకిందులు చెయ్యకూడదు. పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. ఆలస్యంగా తీసి తిప్పామా, కాపాడుతున్నామనుకుంటూ చంపినట్టే.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. తాబేలుకి ఆడో మగో పుట్టుకతో రాసిపెట్టి ఉండదు. ఇసుక వేడి నిర్ణయిస్తుంది. ఇంచుమించు 29 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి. రెండు డిగ్రీలు పెరిగితే దాదాపు అన్నీ ఆడవే. అంటే హేచరీ ఎండలో పెట్టామా, కొబ్బరి నీడలో పెట్టామా అన్నదాన్ని బట్టి మనకి తెలియకుండానే ఒక తరాన్ని మార్చేస్తున్నాం! "మేం ఇన్ని వేల పిల్లల్ని వదిలాం" అని బోర్డు రాసేవాళ్లని ఇసుక ఉష్ణోగ్రత ఎంత అని అడగండి. కొందరు చెప్తారు. చాలామంది మొహం చూస్తారు.

తమిళ కుర్రాడి నోటుబుక్కు గురించి చెప్పకపోతే అన్యాయం. తేదీ, సమయం, జాతి, డిప్ప పొడవు, గుడ్లు, ఇవన్నీ గీతలు కొట్టుకున్నాక చివర ఇంకో గడి గీశాడు. "ఇంట్లో కీడు." రోజూ వాళ్లమ్మకి ఫోను చేసి కనుక్కునేవాడు. వరసగా లేదు, లేదు, లేదు. ఒకరోజు "మిక్సీ కాలిపోయింది" అని రాశాడు. వాళ్లమ్మ "చెప్పానా!" అందట. మా అమ్మాయి ఊరుకుంటుందా? తాబేలు మొహం చూడని ఇళ్లల్లో కూడా కనుక్కోమంది. వాడు ఎదురింటికీ, పక్కింటికీ ఫోన్లు చేశాడు. ఎదురింట్లో ఆ వారమే ఫ్రిజ్ పోయింది. మా వీధిలో కరెంటు సంగతి మీకు తెలీదు. నేను పాతికేళ్లు ఉపన్యాసాలిచ్చినా ఆ తల్లికి ఎక్కనిది, ఆ గడి చూస్తే ఎక్కింది. పూర్తిగా ఎక్కిందనను. స్నానం చేసే లోపలికి రమ్మంటుంది ఇప్పటికీ. పోన్లెండి, ఇసుకా చేపల వాసనా, స్నానం మంచిదే.

యువతని పనిలోకి ఎలా దించాలి అని సభల్లో అడుగుతుంటారు. చైతన్యం తేవాలి అంటాం మనం. నాకు చైతన్యం మీద నమ్మకం తగ్గింది. అక్కడికి దగ్గర్లోనే, రామ్‌నగర్ వైపు, చాలీస్ ఏక్ సున్నపురాయి గుహలున్నాయి. వాటిలో స్విఫ్ట్‌లెట్ అనే పిడికెడు పిట్ట తన ఎంగిలితో గూడు కడుతుంది. ఆ గూడు సూపు తాగితే యవ్వనం, బలం వస్తాయని చైనా వైపు నమ్మకం. ఎంగిలికి వెండి ధర. నమ్మకం ఒక దేశంలో, ఖాళీ అయ్యే గుహలు ఇంకో దేశంలో. దొంగతనంగా గూళ్లు గుడ్లతో సహా లాగేసేవాళ్లు. కోయంబత్తూరు సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ 1990లలో ఈ దీవుల గుహలన్నీ తిరిగి లెక్క తీశారు. తర్వాత అటవీశాఖతో కలిసి ఒక పని చేశారు. గూళ్లు తీసే కుర్రాళ్లకే జీతమిచ్చి గుహల దగ్గర కాపలా పెట్టారు. ఏ సందులో ఎన్ని గూళ్లున్నాయో వాళ్లకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? పిట్టలు పెరిగాయి. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూళ్లు అమ్ముకుని ఊరే కాపాడుకోవచ్చన్నది ఆయన వాదం. 2009 జనవరిలో ఆయన గుండెపోటుతో పోయారు, ఇంకా పెద్ద వయసు కూడా కాదు. ఆ కుర్రాళ్లని మార్చింది నీతిపాఠం కాదు. నెల జీతం, చేతిలో లెక్క పుస్తకం.

ఇప్పుడు మనసుకి కష్టమైన భాగం.

గ్రేట్ నికోబార్ దక్షిణాన గలాతియా అఖాతం ఉంది. మన దేశంలో లెదర్‌బ్యాక్ తాబేలుకి ముఖ్యమైన ఒడ్డు. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద తాబేలు అది. అక్కడ ఏళ్ల తరబడి కుర్రాళ్లు గుడారాలేసుకుని లెక్కలు రాశారు. 2004 డిసెంబరు 26న సునామీ ఆ శిబిరాన్ని ఊడ్చేసింది. తాబేళ్ల మీద పనిచేస్తున్న యువ పరిశోధకులు పోయారు. తీరమూ కుంగిపోయింది. కొన్నేళ్లకి ఇసుక మళ్లీ చేరింది, తాబేళ్లూ వచ్చాయి. లిటిల్ అండమాన్‌లో 2011 నుంచి లెదర్‌బ్యాక్‌లకి ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా వైపు వెళ్లాయి. ఒకటి పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా ఈదింది. పరికరం కట్టేది శాస్త్రజ్ఞుడే. రాత్రంతా ఇసుక మీద నడిచి తాబేలును వెతికేది మాయాబందర్ దగ్గరి కరేన్ పల్లెల కుర్రాళ్లు, మా దినకూలీల్లాంటివాళ్లు.

1997లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ గలాతియాని 2021 జనవరిలో జాబితా నుంచి తీసేశారు. అక్కడ ఓడరేవు కట్టాలని. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. ప్రాజెక్టు మొత్తానికి సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. అవతలి వాదన కూడా వినాలి, మనం హేతువాదులం. మలక్కా ఓడల దారి పక్కనే ఉంది, రక్షణ అవసరాలున్నాయి, ఉద్యోగాలొస్తాయి, తాబేళ్లకి వేరే చోట రక్షిత ప్రాంతం ఇస్తాం, అఖాతంలో దారి వదుల్తాం అంటున్నారు. తాబేలు వేరే చోటుకి వెళ్తుందా లేదా అన్నది నమ్మకంతో తేలే విషయం కాదు. ఏటా ఎవరో ఒకరు నడిచి లెక్కపెడితే తేలుతుంది. వెళ్లకపోతే అప్పుడేం చేస్తారు అన్నదానికి మాత్రం నాకెవరూ జవాబు చెప్పలేదు.

ఈ సంగతి తెలిసినరోజు మా అమ్మాయి ఫోను చేసింది. డిగ్రీ అయిపోయింది అప్పటికి. "మనం లెక్కపెట్టి లాభమేంటి మాస్టారూ?" అంది. హెచ్ క్లాజు చెప్పబోయి ఆగాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, "నిన్ను ఆ రోజు ఎవరు లెక్కపెట్టారు అని నువ్వడిగావు. ఇప్పుడు గలాతియా గురించి ఎవరైనా అదే అడిగితే చూపించడానికి పుస్తకాలున్నాయి. అవి లేకపోతే అడ్డం చెప్పడానికి సామెతలే మిగిలేవి" అన్నాను. ఒప్పుకుందో లేదో తెలీదు. "మీరు ఆ రోజు మొహం ఎర్రగా చేసుకున్నారు" అని నవ్వింది.

రాత్రిపూట, అతిథుల్లేకుండా, పిల్లలు ఇసుకలోంచి వచ్చిన గంటలోపే వదలడం మా బృందానికి అలవాటైంది. ఫొటోల్లేవు కాబట్టి చందాలు తగ్గాయి. ఈ డిసెంబరుకి కొత్తవాళ్లు ఐదుగురు పేర్లిచ్చారు. ముగ్గురు వాళ్ల ఇళ్లల్లో చెప్పలేదట. ఎర్ర కాగితం అంటించిన టార్చీలు, కొలత టేపులు, పెన్సిళ్లు తెమ్మని జాబితా పంపింది మా అమ్మాయి. పెన్నులు వద్దంది, తడికి సిరా పోతుంది.