బొమ్మలో చక్రం తిరగాలి

మూడు పళ్లచక్రాలను ఒకదానికొకటి తగిలేలా త్రికోణంగా అమరిస్తే ఏ ఒక్కటీ కదలదు. మొదటిది కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరగాలి, అప్పుడు మూడోది కుడికి తిరగాలి. కానీ ఆ మూడోది మొదటిదానికీ తగిలే ఉంది కనుక మూడూ బిగుసుకుపోతాయి. స్టీమ్‌పంక్ అనే శైలిలో వచ్చే పోస్టర్లలో, పుస్తకాల అట్టల మీద, ఇప్పుడు కంప్యూటర్ తనంతట తాను గీసి ఇచ్చే బొమ్మల్లో ఇలాంటి కదలని చక్రాలు కొల్లలు. ఆవిరి యంత్రాల కాలం అలాగే కొనసాగి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించే కథలకు 1987లో అమెరికన్ రచయిత కె.డబ్ల్యు. జీటర్ ఆ పేరు పెట్టాడు. ఆ శైలికి ఆకర్షణంతా యంత్రం పొట్ట విప్పి చూపించడంలో ఉంది: ఏ కమ్మీ ఏ చక్రాన్ని తిప్పుతుందో కంటికి కనిపించాలి. 2012లో ఈ శైలిలోనే రెండు టారో కట్టలు, అంటే బొమ్మల కార్డుల కట్టలు, వచ్చాయి. ఒకదానికి బార్బరా మూర్ రాస్తే అలీ ఫెల్ బొమ్మలు వేశాడు. రెండోదానికి జాన్, కైట్లిన్ మాథ్యూస్ దంపతులు రాస్తే విల్ కింగన్ వేశాడు. నల్లగొండ, పాలమూరు నేల మీద అలాంటి కట్ట ఒకటి తయారుకావాలని నా కోరిక. దానికి నేను పెట్టే షరతు ఒక్కటే. కార్డు మీది యంత్రం నిజంగా పనిచేసేదై ఉండాలి, దాన్ని తిప్పే చెయ్యి ఎవరిదో కనిపించాలి. ఈ షరతుకు ఒప్పుకుంటే, బొమ్మలు వేసే మనిషి చెప్పింది గీసిపెట్టే కూలీ కాదు, ఆ కట్టకు సగం కర్త.

టారో చరిత్రే ఇందుకు సాక్ష్యం. కట్టలో 78 కార్డులు: పెద్దవి 22, చిన్నవి 56. ఇవాళ లోకమంతా ఎరిగిన కట్ట 1909 చివర లండన్‌లో అచ్చయింది. దాన్ని చాలాకాలం ప్రచురణకర్త రైడర్ పేరుతో, అర్థాలు రాసిన వెయిట్ పేరుతో పిలిచారు. బొమ్మలన్నీ వేసింది పమేలా కోల్మన్ స్మిత్. అంతకుముందు చాలా కట్టల్లో చిన్న కార్డుల్లోని అంకెల ముక్కల మీద కత్తులో కప్పులో లెక్కప్రకారం పేర్చి ఉండేవి, అంతే. ఆమె ఆ ముక్కల్లో చాలావాటిలో మనుషులను పెట్టింది. ఒకడు మూడు కప్పులు ఒలికిపోయాయని తల వంచుకుని నిలబడతాడు, వెనక ఇంకా రెండు నిలిచే ఉన్నాయని చూడడు. ఆ కార్డుకు దుఃఖమని ఎవరు అర్థం రాసినా, దుఃఖంలో మనిషి ఏ వైపు చూస్తాడో తేల్చింది ఆమె కుంచె. పెద్ద పనికి చాలా కొద్ది డబ్బు ముట్టిందని ఆమె ఒక మిత్రుడికి ఉత్తరం రాసుకుంది, 1951లో పేదరికంలోనే పోయింది. అలిస్టర్ క్రౌలీ కట్టకు ఫ్రీడా హారిస్ 1938 నుంచి సుమారు అయిదేళ్లు బొమ్మలు వేసింది, కొన్ని కార్డులను మళ్లీ మళ్లీ గీసింది. అది పూర్తి కట్టగా అచ్చయ్యేసరికి 1969, ఇద్దరూ లేరు. రాసినవాళ్ల మాటలు ఎంతమందికి గుర్తున్నాయో గానీ బొమ్మలు మాత్రం చేతులు మారుతూ బతుకుతున్నాయి.

మనకు ఇది కొత్త కాదు. ఆలేరుకు కాస్త ఎగువన ఉన్న చేర్యాలలో నకాషీలు వేసే పటాలు ఇలాంటి జంట పని మీదే నిలిచాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవాళ్లు తమ కథకు తగిన పటం నకాషీల చేత వేయించుకునేవాళ్లు. ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టం రావాలో కథకుడికి తెలుసు. దాన్ని ఎర్రటి నేల మీద ఎంత జాగాలో సర్దాలో, ఏ బొమ్మ పెద్దది కావాలో నకాషీకి తెలుసు. పటం మీద లేని ఘట్టం దగ్గర కథకుడికి చూపుడుకర్ర ఆనడానికి చోటుండదు. ఒకరిది మాట, ఒకరిది గీత అని విడదీసి ఎక్కువ తక్కువలు కట్టడానికి ఆ పనిలో వీలే లేదు.

ఇక యంత్రాల సంగతి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేసిన ఆసు యంత్రం మన కట్టలో మొదటి కార్డు కావాలి. పోచంపల్లి చీరకు చిటికి కట్టే ముందు దారాన్ని ఆసు పోయాలి. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఒక్కో మేకుకు తగిలించి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9000 సార్లు ఆ దూరం పోయి రావాలి. ఈ పని ఆడవాళ్లది, భుజాల నొప్పీ వాళ్లదే. తల్లి లక్ష్మి పడే బాధ చూసి, బడి ఆరో తరగతితోనే ఆగిపోయిన మల్లేశం 1992లో మొదలుపెట్టి 1999లో యంత్రాన్ని నిలబెట్టాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. స్మిత్ గీసిన ఇంద్రజాలికుడి కార్డులో ఒక చెయ్యి పైకి లేచి ఉంటుంది, రెండోది నేలను చూపుతుంది. రాసేవాడైతే ఆ స్థానంలో మల్లేశాన్ని నిలబెట్టి ఆవిష్కర్త అని పేరు పెట్టి ఊరుకుంటాడు. గీసేవాళ్లకు మాత్రం ఒక చిక్కు ఎదురవుతుంది: యంత్రం వచ్చాక అక్కడ లేకుండా పోయిన చేతిని ఎలా చూపించాలి? తల్లిని పక్కన ఊరికే కూర్చోబెట్టాలా, ఖాళీ మేకుల మీద అరిగిన గీతలు గీయాలా? ఇందులో ఏది ఎంచుకుంటే కార్డు అర్థం ఆ వైపు తిరుగుతుంది. ఆ నిర్ణయం కాగితం మీద పెన్సిల్ పెట్టినప్పుడే జరుగుతుంది.

ఇంకో కార్డుకు తగిన పద్ధతి మన జిల్లా పేరుతోనే దేశదేశాల్లో తిరిగింది. టారోలో మితం అనే కార్డుంది: దేవదూత ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్లు వంచుతూ ఉంటుంది. దాని పక్కన నల్గొండ టెక్నిక్‌ను పెట్టి చూడండి. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలు వంచేసిన ఊళ్ల కోసం నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కొలిచి వేసి, ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలుపుతారు. తెల్లటి మడ్డి రేకులు రేకులుగా ముద్దకట్టి, ఫ్లోరైడ్‌ను కొంత పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు తాగాలి. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా దీన్ని ప్రయత్నించారు. ఇంటి బకెట్టులో కుళాయి అడుగుకు కొన్ని వేళ్ల పైన ఉంటుంది. చూపుకు బాగుంటుందని చిత్రకారుడు దాన్ని సరిగ్గా అడుగున గీశాడనుకోండి, అందులోంచి వచ్చేది మడ్డి. మితం కార్డు విషం కార్డు అయిపోతుంది. రెండు అంగుళాల తేడా ఇది. పటిక ఎక్కువైతే ఒక ముప్పు, తక్కువైతే ఇంకో ముప్పు. రోజూ కొలత తప్పకుండా కలపడం, మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయడం ఇంటివాళ్లకు పెద్ద బరువు. కార్డు తలకిందులుగా పడితే చెప్పే వ్యతిరేకార్థం ఏమిటో వేరే వెతకనక్కర్లేదు.

ఆవిరి కాలాన్ని అందంగా చూపిస్తే దొరల కాలాన్ని మెచ్చుకున్నట్టు కాదా అని ఒకరు అడగవచ్చు. ఈ అభ్యంతరంలో చాలా బలం ఉంది. భువనగిరి, ఆలేరు మీదుగా 1889కల్లా బెజవాడ చేరిన రైలు, పెట్టుబడిదారులకు వడ్డీ తప్పదని నిజాం సర్కారు పూచీ పడితే వచ్చిన రైలు. ‘గ్యారంటీడ్’ అని దాని పేరులోనే ఆ పూచీ ఉంది. ఆ సంస్థానంలోనే 1883లో చాందా రైల్వే ఒప్పందాన్ని బహిరంగంగా చర్చించాలన్నందుకు విద్యావేత్త అఘోరనాథ్ చట్టోపాధ్యాయను హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టారు. కాబట్టి రథం కార్డు మీద ఇంజిన్ గీస్తే బొగ్గుతో పాటు ఆ వడ్డీ లెక్క కూడా బొమ్మలోకి రావాలి. బలం అనే కార్డులో స్మిత్ ఒక స్త్రీ సింహం నోరు పట్టుకున్నట్టు గీసింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ సుమారు 124 మీటర్ల ఎత్తున రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్ట. అక్కడ తట్ట మోసిన ఆడమనిషిని మించి ఆ కార్డుకు తగినవాళ్లు నాకు కనిపించరు. మరి సైతాను కార్డు? స్మిత్ బొమ్మలో ఒక జంట మెడకు గొలుసులుంటాయి, కానీ అవి వదులుగా ఉంటాయి. తలుచుకుంటే తీసేసుకోవచ్చని దాని అర్థం చెబుతారు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని, ఇంటిల్లిపాదీ దేశంలోని ప్రాజెక్టులకు కదిలిన పాలమూరు లేబర్ విషయంలో ఆ వదులు గొలుసు అబద్ధం. ఆ అప్పు తలుచుకుంటే తీరేది కాదు, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం రావలసి వచ్చింది. ఇక్కడ గొలుసు బిగువుగా గీయాలి, లేదా గొలుసు తీసేసి మేస్త్రీ చిట్టా గీయాలి. చక్రాల అలంకారం ఈ మనుషులను దాచేస్తుంది, పనిచేసే యంత్రాన్ని గీస్తే వాళ్లను దాచడం కుదరదు.

మూఢనమ్మకాలతో నష్టపోయిన ప్రాంతంలో మళ్లీ జాతకం కార్డులా అన్న కోపం కూడా న్యాయమైనదే. భవిష్యత్తు చెబుతానని కూలిమనిషి డబ్బు తీసుకునే కట్ట అయితే నేను దాని పక్షాన మాట్లాడను. అయితే టారో పుట్టింది పదిహేనో శతాబ్దపు ఉత్తర ఇటలీలో, పేకాటగా. జోస్యానికి విస్తారంగా వాడడం పద్దెనిమిదో శతాబ్దంలో మొదలైంది. ఈజిప్టు రహస్యమని 1781లో కూర్ ద జెబ్లాఁ రాసినదానికి ఆధారమే లేదు. ఫ్రాన్సులో నేటికీ దాన్ని ఆటగానే ఆడతారు. ఇక పరాయిదన్న మాటకొస్తే, మన సంతల్లో చిలక ముక్కుతో తీసిన దేవుళ్ల బొమ్మల కార్డులు పరాయివి కావు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చిలకను పంజరంలో పెట్టడం నేరం గానీ కార్డు తీసి బొమ్మ చూసి మనసులో మాట చెప్పుకునే అలవాటు నేరం కాదు. నిర్మల్‌లో గుండ్రటి గంజీఫా కార్డులు వేసేవాళ్లు, దశావతారాల కట్టకు 120 ముక్కలు. ఆడుకోవడానికి, మాట్లాడుకోవడానికి, తమ ఊరి యంత్రాలను తాము గుర్తుపట్టడానికి ఈ కట్ట పనికొస్తే చాలు. చిన్న కార్డుల నాలుగు జాతులకు కూడా బిందెలు, ఉలులు, కండెలు, రూకలు ఉండనే ఉన్నాయి.

అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది: ఇలా ప్రతి కార్డుకూ ఒక సత్యం అంటగడితే అది ప్రభుత్వ ప్రదర్శనలో గోడ చార్టు అవుతుంది, టారో ఎలా అవుతుంది? అర్థాన్ని ముందే రాసి దానికి బొమ్మ వేయిస్తే అదే జరుగుతుంది. అందుకే పని వరుస మార్చాలంటాను. ముందు చిత్రకారుడు ఆసు యంత్రం ముందు కూర్చుని, మోట గిలక ఇంకా మిగిలిన బావి దగ్గర నిలబడి గీసుకు రావాలి. రాసేవాళ్లు ఆ గీతల్లో తమకు తెలియనిది ఏముందో చూసి అప్పుడు మాటలు కూర్చాలి. పూర్తయిన బొమ్మను ఆ యంత్రం నడిపేవాళ్ల ముందు పెట్టాలి. దారం ఇలా పోదు అని వాళ్లంటే బొమ్మా మారాలి, మాటా మారాలి. పెట్టె మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉండాలి, చిత్రకారుడికి ఒక్కసారి ఇచ్చే మొత్తం కాకుండా ప్రతి ముద్రణలో వాటా ఉండాలి, తప్పులు దిద్దిన నేతగాళ్ల, మేస్త్రీల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే లోపలి పుస్తకంలో ఉండాలి. ఇవన్నీ బొమ్మలు మొదలుపెట్టే ముందే కాగితం మీద రాసుకోవలసిన మాటలు.