సూట్‌కేసులో వచ్చిన మాత్రలు

డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగింట్లో చూసినా, ఆవకాయ సీసా ఉన్నా లేకపోయినా, ఇండియా మందుల డబ్బా మాత్రం ఉంటుంది. డోలో, కాంబిఫ్లామ్, జీరోడాల్-పి, మెఫ్తాల్ స్పాస్. ఊరికి వెళ్లొచ్చినప్పుడల్లా అది మళ్లీ నిండుతుంది. ఇక్కడ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేసరికి జ్వరం దానంతటదే తగ్గిపోతుంది కాబట్టి ఆ డబ్బాను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లు అందులో చెయ్యి పెట్టే ముందు కళ్లజోడు పెట్టుకోవాలి.

నేను ఆ ఆపరేషన్‌కి ఒప్పుకున్నదే మోకాళ్ల కోసం. తీరా సర్జన్ ఇచ్చిన కాగితం చూస్తే, ఆ మోకాళ్ల కోసం ఏళ్ల తరబడి మింగిన మాత్రలన్నీ ‘వద్దు’ జాబితాలోనే ఉన్నాయి. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్. ఇక్కడి కొట్లలో అడ్విల్, మోట్రిన్, అలీవ్ అని అమ్మేవి ఇవే. ఎన్నాళ్లు మానాలని అడిగితే, ఇక ఎప్పటికీ అన్నాడాయన.

బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని కోడిగుడ్డంత సంచిగా మిగిల్చి దానికి చిన్నపేగును కలిపి కుడతారు. ఆమ్లాన్ని తట్టుకునే శక్తి జీర్ణాశయానికి ఉన్నంతగా ఆ పేగుకు ఉండదు. ఐబుప్రొఫెన్ జాతి మందులు నొప్పి పెంచే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి; లోపలి పొరను కాపాడేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. కాపలా తగ్గాక కుట్టు దగ్గర పుండు పడొచ్చు, రక్తం కారొచ్చు, చిల్లు కూడా పడొచ్చు. పొగ తాగేవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. బైపాస్ కాకుండా స్లీవ్ అనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల విషయంలో కొందరు సర్జన్లు కాస్త పట్టు సడలిస్తారు. అది వాళ్లనే అడిగి తెలుసుకోవాలి, పక్కింటివాళ్లను కాదు.

గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్‌లో, “పొట్టలోకి పోకుండా సూది వేయించుకోవే” అంది. వినడానికి సబబుగానే ఉంది. అయితే ఈ మందు పొరను దెబ్బతీసేది ముఖ్యంగా రక్తంలో కలిసి. డైక్లోఫెనాక్ సూదికైనా, పైన పూత వేసిన ఆస్పిరిన్‌కైనా, పెరుగన్నం తిని వేసుకున్న బిళ్లకైనా అదే దారి. గుండెకు స్టెంట్ పడి చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి సొంతంగా మానెయ్యకూడదు. గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాల్సిన సంగతది.

అసలు చిక్కు కలగాపులగం మాత్రలతోనే. “అది పారాసిటమాలే వదినా, వేసుకో” అని పార్టీల్లో చేతిలో పెట్టే కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములుంటే, ఐబుప్రొఫెన్ 400 ఉంటుంది. జీరోడాల్-పిలో ఉన్నది ఎసిక్లోఫెనాక్. అమెరికా సరుకూ తక్కువదేం కాదు. తలనొప్పికి వాడే ఎక్సెడ్రిన్‌లో ఆస్పిరిన్ ఉంటుంది, మామూలు ఆల్కా సెల్ట్‌జర్‌లోనూ ఉంటుంది. కడుపు బాగోలేదని తాగే గులాబీరంగు పెప్టో బిస్మాల్‌లో ఆస్పిరిన్‌కి చుట్టమైన సాలిసిలేట్ ఉంటుంది. పెట్టె ముందువైపు పెద్దక్షరాలు ఇవేవీ చెప్పవు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది అసలు కథ.

ఇక మిగిలేది పారాసిటమాల్. ఇక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అని అమ్ముతారు. దీనికీ హద్దుంది. 500 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రా స్ట్రెంత్ పెట్టె మీద 24 గంటల్లో ఆరు మాత్రలు దాటొద్దని ఉంటుంది. దాటితే దెబ్బ కాలేయానికి. జలుబుకి తాగే నైక్విల్‌లోనూ అదే మందు కాబట్టి, అది తాగి పైన డోలో 650 వేసుకుంటే లెక్క తెలియకుండానే పెరుగుతుంది. ఆర్థరైటిస్‌కని అమ్మే నెమ్మదిగా కరిగే రకం, దారి కురచైన పేగుల్లో అనుకున్నట్టు పనిచేయకపోవచ్చు; దాన్ని నలిపి వేసుకోవడం మరీ తప్పు. మొదటి వారాల్లో నాకు ద్రవరూపంలో ఉన్నదే వాడమన్నారు, అదీ చక్కెర లేనిది చూసి.

మోకాళ్లకి చివరికి దొరికిన ఊరట వోల్టారెన్ జెల్. 2020లో ఎఫ్‌డీఏ దాన్ని చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. అదీ డైక్లోఫెనాకే, కాకపోతే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. మా సర్జన్ సరే అన్నాకే రాసుకుంటున్నాను. కడుపులోనే నొప్పి వస్తే మాత్రం మాత్రల ప్రసక్తే లేదు. విరేచనం నల్లగా అయినా, నొప్పితోపాటు జ్వరమొచ్చినా, గుండె దడదడలాడినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిందే.

ఈమధ్య పన్ను పీకించుకోవాల్సొచ్చింది. పన్ను పీకాక ఐబుప్రొఫెన్ రాయడం డెంటిస్టులకు మామూలే. అందుకని అక్కడిచ్చిన ఫారంలో ఎలర్జీల గడిలో “ఐబుప్రొఫెన్ జాతి మందులు వద్దు, గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది” అని రాశాను. రిసెప్షన్‌లో అమ్మాయి చూసి, ఇది ఎలర్జీ కాదు కదా అంది. కాదు నిజమే, కానీ ముందు జరిగిన ఆపరేషన్ల గడిని ఎవరూ చూడకపోయినా ఎలర్జీల గడిని అందరూ చూస్తారని అలాగే ఉంచమన్నాను.