బాలింత మనసుకి పథ్యం

మా గణపవరంలో బాలింతకి జరిగే మర్యాద చూడాలి! కాయం, వెల్లుల్లి కారం, నడుంకట్టు, చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ. ‘మనసెలా ఉందే అమ్మాయ్?’ అని అడిగేవాళ్ళే ఉండరు.

మా పక్కింటమ్మాయి బిడ్డ పడుకున్నా తను పడుకునేది కాదు, ఊరికే ఏడ్చేది. దిష్టన్నారు, సుకుమారమన్నారు. పురుడైన కొత్తలో వచ్చే దిగులు దానంతటదే పోతుందిట. రెండు వారాలు దాటినా పోకపోతే జబ్బేనన్నారు డాక్టరుగారు.

జబ్బయితే మందూ ఉంటుందిగా! మాటలతో చేసే వైద్యం ఉంది. బిడ్డకి పాలిస్తూనే వాడుకోదగ్గ మాత్రలున్నాయి, డాక్టరు ఎంచి ఇస్తారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల్ని విడదీయకుండా చూసే వార్డే ఉంది. 2022లో మొదలైన టెలీమానస్‌కి, 14416 నంబరుకి, ఇంట్లోంచే ఫోన్ చెయ్యచ్చు. చచ్చిపోవాలనుందంటే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆ అమ్మాయికి మందుతోపాటు వాళ్ళత్తగారు ఇంకోటి చేశారు: పాలకి తప్ప రాత్రంతా మనవణ్ణి తన పక్కలోనే వేసుకున్నారు. ఆ పథ్యం ఏ ఇంట్లోనైనా పెట్టచ్చు కదండీ!